రూపాయి డాక్టరు రాసిన చీటీ

హైదరాబాదు శివారు బడంగ్‌పేట్ చౌరస్తాలో పొద్దున ఏడింటికల్లా సందడి మొదలయ్యేది మూడు చోట్ల: పాల బూతు, టిఫిన్ బండి, మందుల షాపు. మందుల షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో డాక్టరు చీటీ ఉండదు. అయిపోయిన గోలీల షీటు తెచ్చి కౌంటరు మీద పెడతారు. ‘గివే, పది దినాలకు ఇయ్యి’ అంటారు. అది బీపీ గోలీ కావచ్చు, షుగర్ గోలీ కావచ్చు. రాసిన డాక్టరు ఎవరో, రాసి ఎన్నాళ్లయిందో అడిగే పద్ధతి అక్కడ లేదు. షాపు కుర్రాడు కత్తెర తీసి పది గోలీలు కత్తిరించి ఇస్తాడు.

దేవరకొండ, కల్వకుర్తి, మునుగోడు వైపు నుంచి వచ్చి, వంద గజాల ప్లాటు కొని ఇల్లు లేపుకున్న కుటుంబాలు ఈ కాలనీల్లో ఎక్కువ. ఊళ్లో జ్వరమొస్తే సూది వేసే ఆర్‌ఎంపీ ఉండేవాడు. ఇక్కడా అలాంటివాడే దొరికాడు, బోర్డు మాత్రం ‘ఫస్ట్ ఎయిడ్ సెంటర్’ అని మారింది. అక్కడి నుంచి ఆటో ఎక్కి మీర్‌పేట్, కర్మన్‌ఘాట్ దాటితే ఎల్బీనగర్. దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు అటూ ఇటూ అద్దాల ఆసుపత్రులు. గుండెకు స్టెంటు వేస్తారు, విరిగిన తుంటికి ప్లేటు బిగిస్తారు, మెదడులో గడ్డ తీస్తారు. తెల్లకార్డు ఇంటి మనిషికి ఇందులో చాలా భాగం ఉచితం.

అంటే, పదేళ్లు చీటీ లేకుండా గోలీ మింగిన మనిషికి పదకొండో ఏట గుండె పట్టేస్తే సర్కారు లక్షలు కట్టి కాపాడుతుంది. ఆ పదేళ్లలో నెలకోసారి కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, ‘పచ్చడి తగ్గించమ్మా’ అని చెప్పే మనిషి కోసం మాత్రం ఎవరూ అంతగా తాపత్రయపడలేదు. బస్తీ దవాఖానాలు వచ్చాయి, కాదనను. కానీ అవి వచ్చింది నిన్నగాక మొన్న, 2018లో. ఆపరేషన్ బల్ల దాకా రోగిని మోసుకెళ్లే ఏర్పాటు అంతకు పదేళ్ల ముందే సిద్ధమైంది. దాన్ని సిద్ధం చేసిన ముఖ్యమంత్రి రాజకీయాల్లోకి రాకముందు పులివెందులలో స్టెతస్కోపు పట్టుకున్న డాక్టరు.

ఆయనే వై.ఎస్. రాజశేఖరరెడ్డి. 1949 జులై 8న జమ్మలమడుగులో పుట్టారు. గుల్బర్గాలోని మహాదేవప్ప రాంపురే వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివారు. తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడే హౌస్ సర్జన్ల సంఘానికి నాయకుడు. ఆ తర్వాత జమ్మలమడుగులో, లండన్ మిషనరీలు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో కొంతకాలం మెడికల్ ఆఫీసరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి తెరిచారు. ఆయనకు ‘రూపాయి డాక్టరు’ అన్న పేరు అక్కడే వచ్చింది. ఫీజు రూపాయి. అదీ లేనివాడిని వెనక్కి పంపలేదన్నది ఆ ప్రాంతం నేటికీ చెప్పుకునే మాట.

1970లలో పులివెందుల అంటే ఏమిటో ఊహించుకోవాలి. వాన మీద ఆధారపడిన వేరుశనగ పొలాలు, చెమట ఇంకిపోయే ఎండలు. అలాంటి చోట ఎంబీబీఎస్ డాక్టరు ముందుకు వచ్చేది ఉత్త రోగం కాదు. పొలంలో పాము కరిచినవాణ్ని ఎడ్లబండి మీద తెస్తారు. కాన్పు అడ్డం తిరిగిన మనిషిని మంచంతో సహా మోసుకొస్తారు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన పసివాణ్ని తెస్తారు. వాళ్ల వెంట రోగం కంటే ముందుగా అప్పు నడిచి వస్తుంది. ఏ రోగికి ఏ జబ్బో చెప్పగలిగిన డాక్టరు, కొన్నాళ్లకు ఏ జబ్బుకు ఏ పొలం అమ్ముడుపోయిందో కూడా చెప్పగలుగుతాడు. పల్లెటూరి ప్రాక్టీసు నేర్పే ఈ లెక్క ఏ వైద్య కళాశాలా నేర్పదు. రాజశేఖరరెడ్డి రాజకీయానికి ఆస్తి అదే.

ఇక్కడొక మాట చెప్పకుండా దాటలేం. రూపాయి ఫీజు తీసుకోగలిగేది ఆ రూపాయితో ఇల్లు గడవాల్సిన అవసరం లేనివాడే. రాజారెడ్డి ఆ ప్రాంతంలో డబ్బూ, పట్టూ ఉన్న మనిషి. కొడుకు ఆసుపత్రి దానధర్మం అవును, పరపతి కూడా అవును. మన పల్లెల్లో ఈ రెండూ ఎప్పుడు వేరుగా ఉన్నాయి గనక? చెరువు తవ్వించినవాడే పెదరాయుడు, సత్రం కట్టించినవాడే పెద్దమనిషి. ఆసుపత్రి కట్టించినవాడు ఎమ్మెల్యే అయితే ఆశ్చర్యపోవాల్సింది లేదు. పైగా అది కక్షల సీమ. 1998లో రాజారెడ్డి హత్యకు గురయ్యారు. గాయానికి కట్టు కట్టే చెయ్యీ, ఊరి మీద పట్టు నిలుపుకొనే చెయ్యీ ఒకే ఇంట్లో ఉండడం ఆ నేల మీద వింత కాదు. ఆయన జీవితం రాసేవాళ్లు సాధారణంగా ఈ రెండింటిలో ఒకదాన్నే రాస్తారు. అభిమాని డాక్టరును రాస్తాడు, ప్రత్యర్థి ఫ్యాక్షన్‌ను రాస్తాడు.

డాక్టర్లు రాజకీయాల్లోకి రావడం మనకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి కాంగ్రెసులోకి వెళ్లారు. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1939లో త్రిపురిలో సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడారు, 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. ఆయన్ను చరిత్రకారుడిగా, బ్యాంకరుగా గుర్తుపెట్టుకున్నాం, డాక్టరుగా కాదు. హైదరాబాదులో రాజ్‌బహదూర్ గౌర్ ఎంబీబీఎస్ చదివి కమ్యూనిస్టు పార్టీలోకి, తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్లారు. మన ఉమ్మడి రంగారెడ్డి జిల్లా నేల మీది మర్రి చెన్నారెడ్డి ఉస్మానియాలో వైద్యం చదివారు. 1952లో వికారాబాద్ నుంచి గెలిచి బూర్గుల మంత్రివర్గంలో చేరారు, 1969లో తెలంగాణ ఉద్యమాన్ని నడిపారు, రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యారు. పేరు ముందు డాక్టర్ అన్న మాట మిగిలింది గానీ ఆయన పాలనలో వైద్యుడి చూపు కనిపించేది తక్కువ. నరసరావుపేటలో సర్జన్‌గా పేరు తెచ్చుకున్న కోడెల శివప్రసాదరావు 1983లో తెలుగుదేశం గాలిలో అసెంబ్లీకి వచ్చి చివరకు స్పీకరు దాకా వెళ్లారు. పరిచయాలకు, ఓట్లకు క్లినిక్కు మంచి నారుమడి. చాలామంది విషయంలో కథ అక్కడితో సరి. నాట్లు పడ్డాక నారుమడిని ఎవరూ తిరిగి చూడరు.

రాజశేఖరరెడ్డి ఈ వరుసలో వేరు. ఆయన పాలనలో ఓపీ గది చివరిదాకా ఉంది. దాని మంచీ ఉంది, దాని లోపమూ ఉంది.

1978లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, పులివెందుల నుంచి అసెంబ్లీకి వచ్చారు. 1980లో గ్రామీణాభివృద్ధి సహాయమంత్రి, తర్వాత ఎక్సైజు, విద్య. నాలుగుసార్లు కడప ఎంపీ. రెండు విడతలు పీసీసీ అధ్యక్షుడు. పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ ఓడలేదు, 1996లో మాత్రం కొద్దిలో బయటపడ్డారు. ఇరవై ఐదేళ్లపాటు ముఖ్యమంత్రి కుర్చీ చుట్టూ తిరిగి కూడా దాన్ని అందుకోలేకపోయిన అసమ్మతి నాయకుడిగానే రాష్ట్రం ఆయన్ను ఎరుగును. ఆ కాలపు పత్రికలు తిరగేస్తే కనిపించే మనిషి కోపిష్టి, పంతం పట్టేవాడు. ‘నవ్వుతూ పలకరించే రాజన్న’ బొమ్మ తర్వాత గీసింది.

అది గీసిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలైంది. రంగారెడ్డి జిల్లా ఎర్రమట్టి మీద తొలి అడుగు, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలో చివరి అడుగు. మండు వేసవిలో అరవై రోజులు, దాదాపు 1,475 కిలోమీటర్లు. గోదావరి దాటే వేళకు ఎండదెబ్బతో మంచాన పడి, లేచి మళ్లీ నడిచారు. అప్పటి చేవెళ్ల ఎమ్మెల్యే సబితా ఇంద్రారెడ్డి అప్పటి నుంచి ఆయన నోట ‘చేవెళ్ల చెల్లెమ్మ’ అయ్యారు. 2009లో చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు కావడంతో ఆమె మహేశ్వరం వచ్చారు. బడంగ్‌పేట్ ఉన్న నియోజకవర్గం అదే. ఆ నడకతో ఈ కాలనీలకు ఉన్న చుట్టరికం అలా వచ్చింది.

పాదయాత్రను రాజకీయ వ్యూహం అనడం తేలిక. వ్యూహం కాకుండా ఎందుకు నడుస్తారు? నాకు ఆసక్తి కలిగించేది వేరే. ఆ నడకలో ఆయన చేసిన పని పాత పని. ఎదురొచ్చిన ప్రతి మనిషీ ఒక కాగితం తెచ్చాడు, ఒక గాయం చూపించాడు, ఒక ఎక్స్‌రే కవరు విప్పాడు. రోగి కూర్చుంటాడు, చెబుతాడు, డాక్టరు చెయ్యి పట్టుకుని వింటాడు, చీటీ రాస్తాడు. ముఖ్యమంత్రి అయ్యాక బేగంపేట క్యాంపు కార్యాలయంలో పొద్దున్నే జరిగిన ప్రజాదర్బారు కూడా అదే తీరు. ఒకరి తర్వాత ఒకరు వస్తారు, విని, కాగితం మీద ఒక మాట రాసి పంపుతారు. ఉదయపు ఓపీ.

2004 మే 14న ప్రమాణస్వీకారం చేసి, లాల్‌బహదూర్ స్టేడియం వేదిక మీదే రైతుల ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. అది కూడా చీటీయే. నొప్పి ఏమిటో తెలుసు, మందు ఏమిటో తెలుసు, పరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఆగడం లేదు. ఆర్థికవేత్తలు గింజుకున్నారు. భూగర్భజలం, విద్యుత్ సంస్థల నష్టాలు అంటూ రాసుకొచ్చారు. అవి ఉత్త మాటలు కావు. కానీ పురుగుమందు తాగి వచ్చిన రైతు కడుపు కడిగిన డాక్టరుకు నష్టాల పట్టిక రెండో కాగితం.

పొద్దుటి ప్రజాదర్బారుకు వచ్చిన కాగితాల్లో చాలా ఆసుపత్రి బిల్లులే. గుండె ఆపరేషను, క్యాన్సరు, కిడ్నీ. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి వైద్యానికి ఇచ్చింది 55 వేలకు పైగా కేసుల్లో 168 కోట్ల రూపాయలు. ఈ అంకె చూసిన మామూలు రాజకీయ నాయకుడు సంతోషిస్తాడు. యాభై ఐదు వేల ఇళ్లలో ముఖ్యమంత్రి ఫొటో ఉంటుంది. డాక్టరు మాత్రం పెరుగుతున్న ఆ అంకెలో జబ్బు లక్షణాన్ని చూశాడు. ఎమ్మెల్యే చుట్టూ తిరిగి లెటరు సంపాదించి హైదరాబాదు దాకా రాగలిగినవాళ్లు ఇంతమంది ఉంటే, రాలేక ఊళ్లోనే చచ్చిపోయినవాళ్లు ఎంతమంది? 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. మూడూ వలసల జిల్లాలు. తెల్లకార్డే టికెట్టు. ఇంటికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర కూర్చుంటాడు, ట్రస్టు డాక్టర్లు కేసు చూసి అనుమతి ఇస్తారు, ప్యాకేజీ ధర ఆసుపత్రికి వెళుతుంది, రోగి జేబులోంచి పైసా పోదు. ఏడాదిన్నర తిరక్కుండా రాష్ట్రమంతా విస్తరించింది, చికిత్సల జాబితా 900 దాటింది.

అంతకు ముందే, 2005 ఆగస్టు 15న, 108 వచ్చింది. సత్యం రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్‌ఐ నడిపింది, ఖర్చులో పెద్ద భాగం తర్వాత ప్రభుత్వం భరించింది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలినా అంబులెన్సులు ఆగలేదు, జీవీకే చేతికి వెళ్లాయి. ఎన్నికల సభల్లో ఆయన చెయ్యి తిప్పుతూ ‘కుయ్ కుయ్ కుయ్’ మంటూ వచ్చే బండి అని అనుకరిస్తుంటే జనం పగలబడి నవ్వేవాళ్లు. నాటకం అనుకున్నా సరే. పాము కరిచినవాణ్ని ఎడ్లబండి మీద తెస్తుంటే దార్లోనే పోవడం చూసిన డాక్టరుకు ఆ చప్పుడు ఉత్త చప్పుడు కాదు. సాగర్ రోడ్డు మీద, ఔటర్ రింగు రోడ్డు మీద యాక్సిడెంటయినప్పుడు ఇవాళ మనం ఆలోచించకుండా నొక్కే నంబరు అదే.

పేదవాడికి కార్పొరేటు ఆసుపత్రి తలుపు తెరవడం చిన్న సంగతి కాదు. అద్దాల తలుపు అవతల ఏసీలో కూర్చునే రిసెప్షను వైపు చూసి భయపడి బయటే నిలబడిన మనిషి, కార్డు చూపించి లోపలికి నడవడంలో గౌరవం ఉంది. పథకాన్ని విమర్శించే మేధావులు చాలామంది ఈ ఒక్క సంగతి గ్రహించరు. వాళ్లు ఆ తలుపు బయట ఎన్నడూ నిలబడలేదు గనక.

ఇంత ఒప్పుకున్నాకే లోపం మాట్లాడే హక్కు వస్తుంది. క్లినిక్కులో కూర్చున్న డాక్టరుకు కనిపించేది గుమ్మం దాటి లోపలికి వచ్చిన రోగి. రానివాడు కనిపించడు. రావాల్సిన అవసరమే పడకుండా చూసుకోవడం అసలే కనిపించదు. ఆరోగ్యశ్రీ మొత్తం వచ్చినవాడి కోసం కట్టిన ఇల్లు. అదీ జబ్బు బాగా ముదిరి వచ్చినవాడి కోసం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న, ఆమెతో పాటు ఆర్. శ్రీవత్సన్ వంటి పరిశోధకులు 2011లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ మాట రాశారు: ప్రజల డబ్బు పెద్ద ఆపరేషన్ల పేరుతో ప్రైవేటు ఆసుపత్రుల వైపు మళ్లుతోంది, మామూలు జబ్బులు చూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు చిక్కిపోతున్నాయి. ప్యాకేజీకి ఒక ధర ఉన్నప్పుడు ఆ ప్యాకేజీకి సరిపడే రోగులు పుట్టుకొస్తారు. అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల గోల అలా లేచిందే. చివరకు ఆ ఆపరేషన్‌ను సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

డాక్టరు రాజకీయ నాయకుడైతే తప్పనిసరిగా ఇలాగే ఆలోచిస్తాడని లేదు. 1848లో ఎగువ సైలీసియాలో టైఫస్ జ్వరం ప్రబలితే ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే కుర్ర డాక్టరును పంపింది. ఆయన రాసిన చీటీలో మందులు లేవు. బడులు కావాలి, రోడ్లు కావాలి, వాళ్లను వాళ్లే పాలించుకునే హక్కు కావాలి అని రాశాడు. తర్వాత బెర్లిన్ నగర మండలిలో, పార్లమెంటులో ఏళ్ల తరబడి కూర్చుని ఆ నగరానికి మురుగుకాల్వల వ్యవస్థ తెప్పించినవాళ్లలో ముఖ్యుడయ్యాడు. కణశాస్త్రంలో ఎంత పేరుందో డ్రైనేజీలో అంత పేరున్న డాక్టరు. మీర్‌పేట్ చెరువు కింద ఉండేవాళ్లకు ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది. 2020 అక్టోబరు వానలకు అక్కడి కాలనీలు రోజుల తరబడి మురుగునీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లు పోయాక వచ్చే జ్వరాలకు ఏ ప్యాకేజీ రాస్తారు?

రాజశేఖరరెడ్డి అసెంబ్లీలో అడుగుపెట్టిన 1978లోనే, సెప్టెంబరులో, ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూర్చుని ప్రాథమిక వైద్యమే దారి అని ప్రకటించాయి. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ అరోలే దంపతులు అప్పటికే కొన్నేళ్లుగా చదువురాని పల్లె ఆడవాళ్లకు వైద్యం నేర్పుతున్నారు. కాన్పులు, పసిపిల్లల బరువు, మంచినీళ్లు. వాళ్లూ పల్లెటూరి డాక్టర్లే, కరువు నేల మీదివాళ్లే. రాజకీయాల్లోకి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏమయ్యేదో గానీ, వాళ్ల పద్ధతిలో ఓట్లు రాలవు. ప్రాణం పోయి వచ్చినవాడు జీవితాంతం గుర్తుంచుకుంటాడు. అసలు జబ్బే రానివాడు ఎవరికి దండం పెట్టాలో తెలియక ఊరుకుంటాడు. రూపాయి డాక్టరుకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఆయనకు ఆ రెండో దారి తోచలేదని కూడా అనలేం. కడప, ఒంగోలు, శ్రీకాకుళం, ఆదిలాబాద్‌లలో రిమ్స్ పేరుతో సర్కారు వైద్య కళాశాలలు వచ్చింది ఆయన కాలంలోనే. ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి ఒక గుర్తింపు కిందికి తేవాలన్న ప్రయత్నమూ అప్పుడే మొదలైంది. అన్నింటికంటే ముఖ్యం 104 బండి. దూరపు పల్లెలకు నెలకోసారి, చెప్పిన తేదీకి వచ్చేది. గర్భిణులను చూసేది, పిల్లలను తూచేది, బీపీ, షుగర్ పరీక్షించి నెలకు సరిపడా గోలీలు ఇచ్చి వెళ్లేది. సైరను లేదు, ఎన్నికల సభల్లో అనుకరించడానికి ఏమీ లేదు. కానీ నాకు అడిగితే, పులివెందుల ఆసుపత్రికి అసలు వారసురాలు ఆరోగ్యశ్రీ కాదు, ఆ బండి. అది తెలంగాణలో తర్వాత నిలిచిపోయింది. పెద్దగా గోల లేవలేదు. ఆరోగ్యశ్రీ ఒక్కరోజు ఆగితే టీవీల్లో స్క్రోలింగు నడుస్తుంది.

ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఏం చేశారో చూస్తే ఆయన తప్పు సగమే అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. విజయవాడ వైద్య విశ్వవిద్యాలయం బోర్డు కూడా 2022లో ఒకసారి, ప్రభుత్వం మారాక మరోసారి మారింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న పరిమితిని పది లక్షలకు పెంచారు. బకాయిలు చెల్లించడం లేదంటూ 2025లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేశాయి. పేరు మీద తగవు, పరిమితి మీద పోటీ, బకాయిల మీద బేరం. వ్యవస్థ రూపం మీద మాత్రం ఏ పార్టీకీ అభ్యంతరం లేదు. 2007లో ఒక డాక్టరు ఎమర్జెన్సీగా రాసిన చీటీని అప్పటి నుంచీ అన్ని ప్రభుత్వాలూ డోసు పెంచి రిపీట్ చేస్తున్నాయి, మందుల షాపులో షీటు చూపించి పది దినాలకు అడిగే మనిషిలాగే.

మనవైపే చూడండి. దిల్‌సుఖ్‌నగర్ పక్కనే కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉండేది. వేసవి వస్తే మామిడి లారీలతో జాతీయ రహదారి ఆగిపోయేది. 2022లో దాన్ని తొలగించి, ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. పెద్ద సర్కారు ఆసుపత్రి, మనవైపు ఎన్నాళ్ల నుంచో లేనిది. మంచిదే. గాంధీకి, ఉస్మానియాకు పరుగెత్తే బాధ తప్పుతుంది. అయినా అది కూడా వెయ్యి పడకలు. పడక అంటే పడిపోయినవాడికి వేసేది. నిలబడి తిరిగేవాణ్ని నిలబెట్టి ఉంచే ఏర్పాటుకు శిలాఫలకం వేయడం కష్టం. ఎక్కడ వేస్తారు, ప్రతి సందులోనా?

2009 సెప్టెంబరు 2న ఆయన చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. రెండోసారి గెలిచి నాలుగు నెలలు కాలేదు. కార్యక్రమం పేరు రచ్చబండ. పల్లెకు వెళ్లి, జనం మధ్య కూర్చుని, పథకాలు అందుతున్నాయా లేదా అని వాళ్లనే అడగడం. పింఛను వస్తోందా, కార్డు ఉందా, 108 వస్తోందా, గోలీలు ఇస్తున్నారా. డాక్టరు భాషలో దీనికి పాత పేరుంది. చీటీ అడుగున రాస్తారు: వారం తర్వాత మళ్లీ కనపడవలెను. మందు పనిచేసిందో లేదో, వికటించిందో, డోసు మార్చాలో అప్పుడు తెలుస్తుంది. ఆయన రాసిన చీటీలను ఆయనే తిరిగి చూసుకోబోయిన రోజు అది. హెలికాప్టరు నల్లమల మీద కూలింది. చిత్తూరు జిల్లా పల్లెలో ఎదురుచూసినవాళ్లు చివరకు లేచి ఇళ్లకు వెళ్లారు.

బడంగ్‌పేట్ మందుల షాపులో కత్తిరించి ఇచ్చే షీటు ముక్క మీద తేదీ సగం తెగిపోయి ఉంటుంది. మొన్న ఒక పెద్దమ్మ దాన్ని కొంగు చివర ముడేసుకుంటూ, ‘బిడ్డా, గీ గోలీ గుండెకా, షుగర్‌కా?’ అని అడిగింది. కుర్రాడు రెండో గిరాకీకి చిల్లర లెక్కపెడుతున్నాడు.